గాలిమెట్ట మీద పచ్చికొమ్మ

ఇరవై తొమ్మిదో సిట్టింగు పూర్తయ్యేసరికి తెర మీద గాలిమెట్ట ఘాటు రోడ్డు గీత వెంట్రుకంత సన్నబడింది. దమయంతి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది.

"చూసినావా నాన్నా! ఇరవై రెండు మెలికల్లో ఎక్కడా ఇసుమంత తేడా లేదు. అచ్చు గుద్దినట్టు వచ్చింది!"

స్టీరింగు ముందు కూర్చున్న సన్యాసినాయుడు తలకున్న పట్టీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు నులుముకున్నాడు.

"అయిపోనాదేటి? నానెక్కడికీ ఎల్లినట్టే నేదు" అన్నాడు.

దమయంతి ఆ మాట పట్టించుకోలేదు. ఫోను తీసి, ఆ పట్టీ తెచ్చిచ్చిన శశిధర్‌కు గీత బొమ్మ పంపింది. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "అద్భుతం చెల్లెమ్మా. వచ్చే ఆదివారమే విడుదల." విజయనగరంలోని ఆ రెండు గదుల ఇంట్లో ఆ పూట ఆమెకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

కంప్యూటరు మీద కారు పందేల ఆటలు ఆడేవాళ్ళకు ఈ పిచ్చి సంగతి చెప్పనక్కర్లేదు, ఆడనివాళ్ళకు చెప్పినా ఎక్కదు. ఆట అమ్మే కంపెనీ ఓ పాతిక ట్రాకులిస్తుంది. అన్నీ పరాయి దేశాలవే, అద్దంలాంటి రోడ్లు. మన గుంతల్లో, మన ఘాట్ల మీద, ఎదురుగా గేదె వచ్చే మన మలుపుల్లో నడపాలంటే మన ట్రాకు మనమే కట్టుకోవాలి. అలా కట్టుకునే నాలుగు వేల మంది గుంపు పేరు 'మెలిక'. పగలు ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక దొరికితే చాలు రాయి మీద రాయి పేర్చినట్టు తమ ఊరి రోడ్డును ఆటలోకి ఎక్కిస్తారు. ఎవరైనా తీసుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. మరి ఏం ఒరుగుతుందయ్యా అంటే, ఏమీ ఒరగదు. దమయంతి సర్వే ఆఫీసులో రోడ్ల ప్లాన్లు గీస్తుంది, ఇంటికొచ్చి మళ్ళీ రోడ్లే గీస్తుంది. ముప్పై ఆరేళ్ళ మనిషికి ఇదేం ఆటని చుట్టాలు మూతి తిప్పుకున్నా చలించలేదు.

ఈ గుంపుకు రెండు ఆచారాలున్నాయి. కొత్త ట్రాకు మీద మొదటి చుట్టు దాన్ని కట్టినవాళ్ళే తోలాలి. ఆ చుట్టు ఆటలో నీడ బండిగా ఉండిపోతుంది. తర్వాత ఎవరు తోలినా ఆ నీడ బండి ముందు వెళ్తూ కనబడుతుంది. రెండోది, ట్రాకుతోపాటు 'చదవండి' అని ఒక కాగితం ఫైలు పెట్టాలి. చెట్టు ఫోటో తీసిచ్చినవాడి దగ్గర్నుంచి మైలురాయి రంగు చెప్పినవాడి వరకు అందరి పేర్లూ అందులో రాయాలి. ఒక్క పేరు వదిలినా ఊరుకోరు. రాయడం తప్పనిసరే గాని, చదివేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ట్రాకు చేతికి రాగానే తోలడానికి పరిగెడతారు.

గాలిమెట్ట ఘాటు ఇప్పుడు భూమ్మీద లేదు. ఆరేళ్ళ కిందటి తుఫానుకు కొండ జారి రోడ్డు లోయలో కలిసిపోయింది. దాని బదులు సొరంగం తవ్వారు. ఏడు నిమిషాల్లో అవతల పడతాం. ఆ ఘాటు మీద ఇరవై ఆరేళ్ళు బస్సు తోలిన సన్యాసినాయుడు ఆ సొరంగం మొహం చూడలేదు. "అందులో తోలడం కూడా తోలడమేటే" అంటాడు.

చిన్నప్పుడు సెలవులొస్తే దమయంతి ఇంజను పక్క మెత్త మీద కూర్చొని తండ్రితో ఆ ఘాటు ఎక్కేది. ఆమెకు బాగా గుర్తున్నది ఒకటుంది. ఎక్కడైనా రోడ్డు అంచు కోసుకుపోయినా, బండరాయి పడినా, ఆయన తన బస్సును జాగ్రత్తగా దాటించి, అవతల ఆపి, దిగి, ఏదో చెట్టుది పచ్చికొమ్మ విరిచి తెచ్చి రోడ్డుకు అడ్డంగా వేసేవాడు. వెనక వచ్చే బళ్ళకు అదే హెచ్చరిక. ఆలస్యమవుతోందని ప్రయాణికులు తిట్టేవారు. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు వచ్చి సీట్లో కూర్చొని గేరు వేసేవాడు.

లేని రోడ్డును కొలిచేదెలా? ఫోటోలు పన్నెండో పదమూడో దొరికాయి. దమయంతి ఆశ వదులుకున్న రోజున శశిధర్ ఇంటికొచ్చాడు.

శశిధర్ 'మెలిక' గుంపును మొదలుపెట్టినవాడు. కాకినాడవాడు, విశాఖపట్నం మధురవాడలో నరాల మీద పరిశోధన చేసే చిన్న ప్రయోగశాల నడుపుతున్నాడు. ఎనిమిదేళ్ళ స్నేహం. ఆమెకు ట్రాకు కట్టడం నేర్పింది అతనే. ఆమె అన్నయ్యా అంటుంది, అతను చెల్లెమ్మా అంటాడు. ఆ రోజు ఒక తలపట్టీ, రెండు చేతి తొడుగులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వాటికి 'ఆనవాలు' అని పేరు పెట్టుకున్నాడు.

"బాబాయ్ గారూ, కళ్ళు మూసుకొని గాలిమెట్ట తోలండి" అన్నాడు.

"రోడ్డేదీ?"

"మీ చేతుల్లో ఉంది."

సన్యాసినాయుడు నవ్వుతూనే పట్టీ కట్టుకున్నాడు. స్టీరింగు పట్టుకున్నాడు. మొదట నాటకంలా తిప్పాడు. మూడో మెలిక దగ్గర నవ్వు ఆగిపోయింది. ఎడమ కాలు క్లచ్చు వెతుక్కుంది, భుజం లోయ వైపు కాక కొండ వైపు ఒరిగింది, ఏడో మెలిక దగ్గర బొటనవేలు హారను నొక్కింది. చెయ్యి కదలడానికి ముందే నరంలో పుట్టే ఆజ్ఞను ఆ పట్టీ పట్టుకుంటుంది. ఈ చేతులు ఇలా తిరగాలంటే రోడ్డు ఎలా ఉండాలో లెక్క కడుతుంది. కళ్ళ ముందే తెర మీద పీచు లేచిన కొబ్బరితాడులాగా గాలిమెట్ట సాగుతూ వచ్చింది. దమయంతికి కన్నీళ్ళు ఆగలేదు.

ఆ పీచును వాళ్ళ భాషలో గోల అంటారు. ఒక్కో సిట్టింగులో చేతులు ఒక్కో రకంగా తిరుగుతాయి. నాలుగైదు రీడింగులు కలిపి సగటు తీసి, గోల చెరిపేసి, అసలు ఫైళ్ళు పారేయడం ట్రాకులు కట్టేవాళ్ళ అలవాటు. సిట్టింగు సిట్టింగుకూ గోల తగ్గుతోందంటే పని బాగా కుదురుతోందని అర్థం. దమయంతి అదే నమ్మింది. గురువారం, ఆదివారం పొద్దున్నే తండ్రిని కూర్చోబెట్టింది. శశిధర్ "ఇంకొక్కటి" అన్న ప్రతిసారీ ఇంకొక్కటి చేయించింది.

మొదటి తేడా పనసకాయ దగ్గర బయటపడింది.

పనసపొట్టు కొట్టడంలో సన్యాసినాయుడు చెయ్యే వేరు. చెక్కు తీసిన లేతకాయను ఎడం చేత్తో పట్టుకొని తిప్పుతూ, కుడి చేత్తో కత్తి ఆడిస్తే అటుకుల్లాంటి పొట్టు రాలేది. వీధిలో పెళ్ళిళ్ళకు కూడా ఆయన్నే పిలిచేవారు. శశిధర్ ఫిబ్రవరిలో వచ్చినప్పుడు రెండుసార్లు వడ్డించుకొని, "ఈ చేతులకు దండం పెట్టాలి బాబాయ్ గారూ" అన్నాడు.

ఇరవై తొమ్మిదో సిట్టింగు అయిన మూడో రోజు, ఆయన కాయ ముందు కూర్చొని కత్తి పట్టుకున్నాడు. పట్టుకొని అలాగే ఉండిపోయాడు. దమయంతి ఆవాలు నూరుతూ తల తిప్పి చూసింది. ఆయన కత్తిని పెన్సిలు పట్టినట్టు పట్టుకున్నాడు. ఒకసారి కొట్టాడు. చూపుడువేలు చివర తెగింది.

"ఏటైంది నాన్నా!"

"ఎలా కొడతారో... ఒక్క చణం ఉండు, వొచ్చీస్తాది" అన్నాడు ఆయన. రక్తం కారుతున్న వేలిని చూసుకోలేదు. కాయనే చూస్తున్నాడు.

వేలికి గుడ్డ కడుతూ దమయంతి చూసింది. చొక్కా బొత్తాలు ఒకటి పైకి ఒకటి కిందికి పెట్టుకొని ఉన్నాడు. వయసు అనుకుంది. అరవై ఏడేళ్ళు మరి. అలా అనుకోవడం సులువు కనుక అనుకుంది.

మర్నాడు మొదటి చుట్టు. ఆచారం ప్రకారం గాలిమెట్ట కట్టింది ఆయన చేతులే, కనుక ఆయనే తోలాలని దమయంతి పట్టుబట్టింది. ఈసారి పట్టీ లేదు, తెర మీద రోడ్డు నిండుగా కనబడుతోంది. మైలురాళ్ళు, గార్డు రాళ్ళు, కొండ మీంచి కారే సన్నటి నీటిపాయ, అన్నీ ఉన్నాయి. ఆయన బస్సును కదిలించాడు. మొదటి మెలిక దగ్గర బండి అటూ ఇటూ ఊగింది. రెండో మెలికలో స్టీరింగు తిప్పవలసిన వైపు కాక ఇంకోవైపు తిప్పాడు. బస్సు కొండను రాసుకుంటూ వెళ్ళి ఆగిపోయింది.

"ఇదెక్కడి రోడ్డే?" అన్నాడు సన్యాసినాయుడు.

దమయంతి తెర కేసి వేలు చూపింది. "గాలిమెట్ట నాన్నా."

"కాదు" అన్నాడు ఆయన గట్టిగా. తెర కేసి మళ్ళీ చూసి, "అవునేటి?" అని అడిగాడు.

కొత్త స్టీరింగు, కళ్ళ అద్దాలు మార్చాలి, నిద్ర చాలలేదు... సాకులు చెప్పుకోవడంలో మనిషి అంత మొనగాడు ఇంకొకడు లేడు. సాయంత్రం వరకు దమయంతి అవే చెప్పుకుంది. మనసు కుదుటపడక, ఏదో ఒక పని ముందేసుకోవాలని 'చదవండి' ఫైలు రాయడానికి కూర్చుంది. వరస ఎలా పెట్టాలో చూసుకుందామని, మూడేళ్ళ కిందట శశిధర్ విడుదల చేసిన సాలూరు అవతలి ఘాటు ట్రాకు ఫైలు తెరిచింది. ఆ ట్రాకును వీడియోలు చూసి కట్టానని అతను చెప్పాడు. ఆమె దాని మీద కొన్ని వందల చుట్లు తోలింది. ఫైలు మాత్రం ఎప్పుడూ తెరవలేదు.

తొంభై మూడు పేర్లున్నాయి. ఫోటోలిచ్చినవాళ్ళు, చెట్లు గీసినవాళ్ళు. అట్టడుగున ఒక వరస ఉంది.

"చేతులు: కొండలరావు, లారీ డ్రైవరు. పదిహేడు సిట్టింగుల దగ్గర ఆపేశాం."

దమయంతి ఆ వరసను మళ్ళీ మళ్ళీ చదివింది. పేరు దాచే ధైర్యం శశిధర్‌కు లేకపోయింది. ఆచారం మరి! చెప్పే ధైర్యమూ లేకపోయింది. ఎవరూ చదవరని తెలిసిన చోట రాసిపెట్టి చేతులు దులుపుకున్నాడు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి మధురవాడ బస్సెక్కింది.

ప్రయోగశాలలో శశిధర్ ఒక్కడే ఉన్నాడు. గోడ మీద పద్నాలుగు పేర్ల జాబితా అంటించి ఉంది. అందరూ ముసలి డ్రైవర్లు. చెరిగిపోయిన రోడ్లన్నీ వీళ్ళ చేతుల్లోంచి తీసి 'మెలిక'లో పెట్టాలన్నది అతని పెద్ద కల. ఆదివారం గాలిమెట్ట విడుదలలో ఆ సంగతి ప్రకటించబోతున్నాడు.

"రా చెల్లెమ్మా, ఫోనైనా చెయ్యలేదేంటి?"

"కొండలరావు ఎవరన్నయ్యా?"

అతని ముఖంలో రంగు మారింది. అబద్ధం వెతుక్కుంటాడని ఆమె ఎదురుచూసింది. వెతుక్కోలేదు.

"చదివావా" అన్నాడు మెల్లగా.

"పదిహేడు దగ్గర ఎందుకు ఆపినావు?"

"ఆయన చెంచా పట్టుకోలేకపోయాడు."

దమయంతి గోడకు ఆనుకుంది. శశిధర్ కూర్చోమన్నాడు, ఆమె కూర్చోలేదు.

"జ్ఞాపకాన్ని కదపకుండా చదవలేం. కదిపింది మళ్ళీ సర్దుకోవాలి. వెంట వెంటనే కదిపితే సర్దుకోదు, చెదిరిపోతుంది. పోతే ఆ రోడ్డొక్కటే పోతుందనుకున్నాను. చేతుల పనులన్నీ లోపల ఒకదానితో ఒకటి అల్లుకొని ఉంటాయని తర్వాత తెలిసింది. ఒక పోగు లాగితే మిగతావీ వస్తాయి."

"తెలిసీ మా నాన్నకి పట్టీ కట్టినావు."

"కొత్త పట్టీ అది. ఈసారి అలా జరగదనే అనుకున్నాను, నిజంగా."

"జరుగుతున్నాదని ఎప్పుడు తెలిసింది?"

అతను బల్ల మీది కాగితాలు సర్దాడు.

"అన్నయ్యా, ఎప్పుడు?"

"తొమ్మిదో సిట్టింగులో. గోల మరీ తొందరగా తగ్గిపోతోంది. ఒకే మెలికను మనిషి ఒక్కో రోజు ఒక్కోలా తోలతాడు. వానకు ఒకలా, బండి నిండా జనముంటే ఒకలా. ఆ రోజులన్నీ పోతే మిగిలేది సన్న గీతే. గోలంటే మీ నాన్నగారే దమయంతీ."

తొమ్మిది. ఆ తర్వాత ఇరవై. ఫిబ్రవరిలో అతను వాళ్ళింట్లో పీట మీద కూర్చొని ఈ చేతులకు దండం పెట్టాలి అన్నది పదో సిట్టింగు అయిన రోజున. అప్పటికే అతనికి తెలుసు. తెలిసే తిన్నాడు, తెలిసే పొగిడాడు, వెళ్తూ వెళ్తూ "ఇంకొక్కటి చెల్లెమ్మా" అన్నాడు. నమ్మి ఇంట్లోకి రానిచ్చి, కన్నతండ్రిని తెచ్చి ఇతని ముందు కూర్చోబెట్టింది తనే కదా! ఆమెకు ఒళ్ళంతా కారం రాసినట్టు మండింది.

"నీకు అన్నం పెట్టిన చేతులవి" అంది. "ఎనిమిదేళ్ళు అన్నయ్యా అన్నాను నిన్ను."

శశిధర్ తల వంచుకున్నాడు. సొరుగులోంచి చిన్న పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టాడు, దాని మీద అరచెయ్యి ఉంచాడు.

"మొదటి మూడు సిట్టింగుల అసలు ఫైళ్ళు. గోలతో సహా ఉన్నాయి. నువ్వు పారేశావు, నేను దాచాను. కొండలరావుగారివి లేకపోయాయి. ఆయన విషయంలో ఆ తప్పు చేసి నేర్చుకున్నాను. వీటి మీద మీ నాన్నగారి చేత రోజూ తోలిస్తే చేతులు మళ్ళీ అందుకోవచ్చు. గట్టిగా చెప్పలేను. సగానికి సగం ఆశ ఉంది."

"ఇవ్వు."

"ఆదివారం దాటాక ఇస్తాను."

ఆమెకు మొదట అర్థం కాలేదు.

"గాలిమెట్ట చూస్తేనే ఆ పద్నాలుగు మందీ వస్తారు. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే అంతా మట్టిలో కలుస్తుంది. వాళ్ళకి ఎనిమిది సిట్టింగుల్లోనే ఆపేస్తాను. ఒట్టు. ఆదివారం ఒక్కరోజు ఊరుకో దమయంతీ, సోమవారం పొద్దున్నే ఇది మీ ఇంట్లో ఉంటుంది."

అంటే ఆ ఫైళ్ళు ప్రేమతో దాచినవి కావు. అవసరమొస్తుందని ముందే తెలిసి దాచినవి. దమయంతి ఆ చేతి కేసి, చేతి కింద ఉన్నదాని కేసి చూసి బయటికొచ్చేసింది.

తిరుగు బస్సులో భీమిలి రోడ్డు దాటకముందే ఆమె నిర్ణయించుకుంది. ఊరుకుంటుంది. ఆ పద్నాలుగు మంది ఎవరు? వాళ్ళ ముఖాలైనా చూడలేదు. తన తండ్రి బొత్తం పెట్టుకోవాలి, అన్నం కలుపుకోవాలి, కాయ కొట్టాలి. లోకంలో ఎవరైనా అదే చేస్తారు. ఇంటికి వచ్చేదాకా ఇదే మాట మనసులో తిప్పుతూనే ఉంది.

సన్యాసినాయుడు గుమ్మంలో కూర్చొని ఉన్నాడు. లుంగీ ముడి నిలవక నడుం దగ్గర చేత్తో పట్టుకున్నాడు. దాన్ని చూడగానే దమయంతికి ఏడుపు కట్టలు తెంచుకుంది. దాచాలనుకున్నదంతా ఆయన ముందు కూర్చొని చెప్పేసింది. కొండలరావు, తొమ్మిదో సిట్టింగు, డ్రైవు, ఆదివారం, ఏదీ మిగల్చలేదు.

అంతా విన్నాక ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

"నీకు ముందే తెలుసేటే?"

"తెలీదు నాన్నా. నీ మీద ఒట్టు."

"గీత సన్నబడతన్నాదని సప్పట్లు కొట్టినావు కదే" అన్నాడు.

దెప్పుతూ అనలేదు. నిజమే, కొట్టింది. తండ్రి కొద్దికొద్దిగా వెళ్ళిపోతుంటే తెర ముందు నిలబడి సంబరపడింది. శశిధర్ మీద రగిలిన కోపంలో సగం తన మీదికి తిరిగింది.

"ఎంతమందన్నావు?"

"పద్నాలుగు."

"ఆలకి ఎవులు సెప్తారు మరి?"

"ఆదివారం ఒక్కరోజు నాన్నా. సోమవారం నీ ఫైళ్ళు ఇచ్చేస్తాడు. నీ చేతులు..."

"కొమ్మ ఎయ్యకుండా ఎల్లిపోతావేటే?" అన్నాడు సన్యాసినాయుడు.

దమయంతి తలెత్తింది.

"మెట్ట మీద రోడ్డు తెగిపోనాదనుకో. నా బండి దాటిపోనాది కదాని ఎల్లిపోతే ఆడు డ్రైవరు కాడు. ఎనక బళ్ళు వొస్తన్నాయి. అందులో మనుసులుంటారు. కొమ్మ ఏసీ అప్పుడు కదలాల."

"నీ బండే దాటలేదు కదా నాన్నా! లోయలో ఉంది నీ బండి!"

"అయితే మరీ ముందు ఎయ్యాల" అన్నాడు ఆయన. "ఆల సేతులిచ్చి నా సేతులు తేకు తల్లీ. అలా తెచ్చిన సేతుల్తో నాకు ముద్ద దిగదు."

దమయంతి లేచి ఆయన లుంగీ ముడి తనే వేసింది.

ఆదివారం దాకా రోజూ ఆఫీసు నుంచి రాగానే గాలిమెట్ట మీద పనిచేసింది. 'చదవండి'లో రాస్తే ఏమవుతుందో ఇప్పుడామెకు బాగా తెలుసు. ఎవరూ చదవరు. కాని తోలడం అందరూ తోలతారు. వీధి చివర వేపచెట్టు కొమ్మను అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసింది. ఆకు ఆకూ కట్టింది. రెండో మెలికలో, తండ్రి బస్సు కొండను రాసుకొని ఆగిపోయిన చోట, రోడ్డుకు అడ్డంగా పెట్టింది. ఏ బండి గుద్దినా ఆగిపోవలసిందే, పక్క నుంచి సందు లేదు. కొమ్మ పక్కన మైలురాయంత పలక నిలబెట్టి దాని మీద రాసింది.

"ఈ రోడ్డు మా నాన్న చేతుల్లోంచి తీశాం. ఇరవై తొమ్మిది సిట్టింగులు. ఇప్పుడా చేతులకు రోడ్డు తెలియదు, కత్తి తెలియదు, బొత్తం తెలియదు. అంతకుముందు కొండలరావుగారికీ ఇలాగే అయింది. శశిధర్‌కు తెలుసు. తెలిసి చేసింది అతను, తెలుసుకోకుండా చేసింది నేను. మీ ఇంట్లో డ్రైవరుంటే ఆ పట్టీ కట్టనివ్వకండి. దమయంతి."

నీడ బండి మాత్రం మార్చలేదు. ఆచారం ఆచారమే. మొదటి చుట్టు సన్యాసినాయుడిదే.

ఆదివారం పదకొండు గంటలకు విడుదల. పదహారు వందల మంది ఒకేసారి వచ్చారు. శశిధర్ తెర మీద నవ్వు ముఖంతో నాలుగు మాటలు చెప్పి, ఇక రాబోయే పద్నాలుగు మంది డ్రైవర్ల పేర్లు చదివాడు. దమయంతి ఊరుకుందనే నమ్మకం అతని గొంతులో తెలుస్తూనే ఉంది. తనకూ ఒకరిని మోసం చెయ్యడం వచ్చునని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది, అందులో సంతోషమేమీ కలగలేదు. మీట నొక్కి గాలిమెట్టను వదిలింది.

బళ్ళు బయల్దేరాయి. మొదటి మెలిక దగ్గర, తెర పక్కనున్న మాటల పెట్టెలో పొగడ్తలు వరదలా వచ్చాయి. ఆ నీటిపాయ చూడు, ఆ గార్డు రాళ్ళు చూడు. ముందు ఆర్టీసీ బస్సు నీడ తూలుతూ వెళ్తుంటే ఎవరో నవ్వారు కూడా, ఎవడ్రా ఈ డ్రైవరని. తర్వాత రెండో మెలిక వచ్చింది. నీడ బస్సు కొండను రాసుకొని ఆగింది. వెనక కార్లు ఒక్కొక్కటే కొమ్మ దగ్గరికొచ్చి ఆగాయి. మాటల పెట్టెలో పొగడ్తలు ఆగిపోయాయి.

ఐదు నిమిషాలకు ఒకరు రాశారు. "మా మామయ్య పేరు ఆ పద్నాలుగులో ఉంది. గురువారం మొదటి సిట్టింగు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను." తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. శశిధర్ ముఖం తెర మీంచి మాయమైంది.

పన్నెండున్నరకు దమయంతి ఫోనుకు అతని దగ్గర్నుంచి ఒక్కటే సందేశం వచ్చింది.

"ఫైళ్ళు చెరిపేశాను."

ఆమె దాన్ని చదివి ఫోను బోర్లించింది. సగానికి సగం ఆశ అన్నాడు కదా, ఆ సగం కూడా పోయింది. చేస్తాడని తెలుసు. తెలిసినా, ఎనిమిదేళ్ళలో ఏదో ఒక రోజును తలుచుకొని చెయ్యడేమోనని లోపలెక్కడో ఆశపడింది. ఆ ఆశకు ఆమెకు సిగ్గేసింది. వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి, నీళ్ళ చప్పుడులో గట్టిగా ఏడ్చింది.

తిరిగి వచ్చేసరికి సన్యాసినాయుడు స్టీరింగు ముందు కూర్చొని ఉన్నాడు. స్టీరింగు పట్టుకోలేదు, చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. తెర మీద రెండో మెలికలో కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఇంకా వస్తున్నాయి. వచ్చిన ప్రతిదీ కొమ్మ దగ్గర ఆగి, పలక చదివినంతసేపు ఉండి, వెనక్కి తిరుగుతోంది.

"ఇచ్చీసినాడేటి?" అన్నాడు ఆయన, తెర మీంచి చూపు తిప్పకుండా.

"లేదు నాన్నా. చెరిపేశాడు."

ఆయన తల ఊపాడు. ఆయన కుడి చెయ్యి ఒకసారి లేచి, దేనికో తెలియనట్టు గాలిలో ఆగి, మళ్ళీ ఒళ్ళోకి దిగింది.

"కట్టేయనా?" అని ఆమె తెర దగ్గరికి వెళ్ళింది.

"ఉండనీ" అన్నాడు. "ఇంకా బళ్ళు వొస్తన్నాయి. కొమ్మ ఏసినోడు అందరూ తిరిగినదాకా ఉండాల."

ఆయన చొక్కా ఎదురుగా తెరుచుకొని ఉంది. దమయంతి మోకాళ్ళ మీద కూర్చొని పై నుంచి ఒక్కొక్క బొత్తం పెట్టింది, ఐదూ పెట్టింది. తర్వాత ఆయన కుర్చీ పక్కనే నేల మీద కూర్చొని, తనూ వచ్చే బళ్ళ కేసి చూసింది.